మంచు చిరుత: రెండు లెక్కలు

మంచు చిరుత రక్తంలో విశేషమేమీ లేదు. సముద్రమట్టానికి మూడు వేల నుంచి ఐదు వేల మీటర్ల ఎత్తున, కొత్తగా వెళ్లిన మనిషికి నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే చోట అది వేటాడి బతుకుతుంది. దాని హిమోగ్లోబిన్‌కు పలచటి గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ను ఒడిసిపట్టే గుణం ఏదో ఉండి తీరాలని ఎవరైనా అనుకుంటారు. హిమాలయాల మీదుగా ఎగిరి, చలికాలంలో మన దేశపు చెరువులకు వలస వచ్చే పట్టెతల బాతుకు అలాంటి గుణం నిజంగానే ఉంది. కానీ 2015లో ఒక పరిశోధక బృందం మంచు చిరుత రక్తాన్ని తక్కిన పిల్లిజాతి జంతువుల రక్తంతో పోల్చి చూస్తే తేడా ఏమీ కనబడలేదు. ఆక్సిజన్‌ను పట్టి ఉంచే విషయంలో పిల్లిజాతి అంతా వెనకబెంచీయే. మంచు చిరుత కూర్చున్నదీ ఆ బెంచీ మీదే.

మరి ఎలా నెట్టుకొస్తోంది? ఎక్కువ ఊపిరి తీసుకోవడం వల్లేనని ఆ శాస్త్రవేత్తల అభిప్రాయం. మిగతాదంతా ఒంటి నిర్మాణం చూసుకుంటుంది. లోపలికి పోయే చల్లగాలిని వెచ్చబరచడానికి వెడల్పాటి ముక్కు రంధ్రాలు, కొండవాలు మీద దూకడానికి ముందుకాళ్ల కన్నా పొడవైన వెనకకాళ్లు, అరికాళ్ల నిండా బొచ్చు, ఇంచుమించు మీటరు పొడవుండే దట్టమైన తోక. అంచు మీద పరుగెత్తేటప్పుడు ఆ తోకే ఒళ్లు తూలిపోకుండా కాస్తుంది. పడుకున్నప్పుడు దాన్నే ముఖం చుట్టూ చుట్టుకుంటుంది. ఇంత చేసినా బరువు 55 కిలోలు దాటడం అరుదు. పేరులో చిరుత ఉన్నా, జన్యువుల లెక్కన దీనికి అందరికన్నా దగ్గరి చుట్టం పెద్దపులి. పులిలా గాండ్రించడం మాత్రం దీనికి రాదు.

ఇలాంటి జంతువును కళ్లారా చూడటం ఎంత కష్టమో చెప్పడానికి ఒక పుస్తకమే ఉంది. జార్జ్ షాలర్ అనే జీవశాస్త్రవేత్త 1970 డిసెంబరులో పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో మేకను ఎరగా కట్టి, ఒక ఆడ మంచు చిరుతను దగ్గర్నుంచి చూసి ఫొటోలు తీశాడు. 1971 నవంబరులో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ వాటిని అచ్చువేసింది. అడవిలో తిరిగే మంచు చిరుతను తీసిన తొలి ఫొటోలుగా వాటికి పేరు. 1973లో అదే షాలర్ నీలి గొర్రెల మీద పరిశోధనకు నేపాల్‌లోని డోల్పోకు వెళ్తూ రచయిత పీటర్ మాథీసెన్‌ను వెంటబెట్టుకు వెళ్లాడు. వారాల తరబడి నడిచినా మాథీసెన్‌కు మంచు చిరుత కనబడనే లేదు. తనకు కనబడని ఆ జంతువు పేరునే పుస్తకానికి పెట్టి 1978లో వెలువరించాడు. ఆ పుస్తకానికి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

ఆ తర్వాత రాడ్నీ జాక్సన్ అనే పరిశోధకుడు పశ్చిమ నేపాల్‌లోని లంగూ లోయలో నాలుగేళ్లు మకాం వేసి, ఐదు మంచు చిరుతలకు రేడియో కాలర్లు తగిలించాడు. మెడలోని కాలర్ నుంచి సిగ్నల్ వస్తూనే ఉండేది. జంతువు మాత్రం ఎప్పుడో గాని కంటపడేది కాదు.

ఇప్పుడు పరిస్థితి అలా లేదు. ఏటా జనవరి నుంచి మార్చి దాకా లద్దాఖ్‌లోని రూంబక్, ఉలే లోయలకు, హిమాచల్‌లోని స్పితి కొండల మీదున్న కిబ్బర్ గ్రామానికి మంచు చిరుత కోసమే పర్యాటకులు వస్తున్నారు. చాలామంది చూసే వెళ్తున్నారు. జంతువుకు సిగ్గు తగ్గి కాదు, వెతికే కళ్లు మారడం వల్ల. అక్కడి కుర్రాళ్లు చిన్నప్పటి నుంచి గొర్రెలు కాస్తూ ఆ కొండలను చూసినవాళ్లు. వాళ్లు మొదట వెతికేది చిరుతను కాదు. వాలు మీద మేస్తున్న నీలి గొర్రెలన్నీ ఒక్కసారిగా తలలెత్తి ఒకే దిక్కు చూస్తున్నాయా? ఒకే రాతి మీద కాకులు, రాబందులు ఎందుకు ముసురుకుంటున్నాయి? నిన్నటి మంచు మీద కొత్త అడుగులేమైనా ఉన్నాయా? ఆ గుర్తులు దొరికాకే టెలిస్కోపు తిప్పుతారు. బూడిదరంగు బండల మధ్య బూడిదరంగు మచ్చలు. తోక చివర కదిలితే తప్ప అక్కడ ప్రాణముందని తెలియదు.

చలికాలమే ఎందుకంటే, మంచు కురిసి పైన మేత కప్పబడిపోయాక నీలి గొర్రెలు, ఐబెక్స్ అనే అడవి మేకలు కిందికి దిగుతాయి. వాటి వెంట ఇదీ దిగుతుంది. జతకట్టే కాలమూ అదే కాబట్టి గట్ల వెంట ఎక్కువగా తిరుగుతుంది, బండల మీద మూత్రం చిమ్మి తన హద్దు చాటుకుంటుంది.

ఒకటి చూడటం వేరు, ఎన్ని ఉన్నాయో చెప్పడం వేరు. పులుల విషయంలో మన దేశం ఈ తేడాను దెబ్బతిని నేర్చుకుంది. దశాబ్దాల పాటు అటవీశాఖలు పాదముద్రల అచ్చులు తీసి, ముద్ర చూసి పులిని గుర్తుపట్టగలమన్న నమ్మకంతో లెక్కలు వేశాయి. కాగితం మీద పులులున్న రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులి కూడా లేదని తేలింది. అప్పటికే కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ అనే జీవశాస్త్రవేత్త మరో దారి చూపించి ఉన్నాడు. పులి చారలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. దారి పక్కన ట్రాప్ కెమెరాలు కట్టి, చారలు పోల్చి, గణితం వాడి లెక్కతేల్చడమే ఆ దారి. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులులను ఇవాళ లెక్కిస్తున్నదీ ఇలాగే.

మంచు చిరుతకు చారల బదులు పువ్వుల్లాంటి మచ్చలుంటాయి. వేలిముద్రల మాదిరి అవీ దేనివి దానివే. 2003, 2004 చలికాలాల్లో జాక్సన్ బృందం లద్దాఖ్‌లోని హెమిస్ నేషనల్ పార్కులో ఈ పద్ధతిని ప్రయత్నించింది. గట్ల మీద, చిరుతలు మూత్రం చిమ్మే వంపు బండల కింద కెమెరాలు పెట్టారు. వేడి ఒళ్లేదైనా ముందు నుంచి కదిలితే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పసిగడుతుంది, కెమెరా క్లిక్కుమంటుంది. కుడివైపు మచ్చలు వేరు, ఎడమవైపు వేరు కాబట్టి ఒక్కో చోట ఎదురెదురుగా రెండు కెమెరాలు ఉండాలి. తీరా లెక్క వేస్తే 2003లో నూరు చదరపు కిలోమీటర్లకు ఎనిమిదిన్నర, 2004లో నాలుగున్నర అని వచ్చింది. ఏడాదిలో సగం చచ్చిపోయాయా? కాదు. కెమెరాల మధ్య దూరం మారింది, వాటిని పెట్టిన చోట్లు మారాయి, అందుకే అంకె మారిందని ఆ బృందమే రాసింది. ఈ నిజాయితీని మెచ్చుకోవాలి. అంకె బాగుంటే చాలు, పద్ధతిని ఎవరూ అడగని లోకం ఇది.

గణితం పెద్ద కష్టమేమీ కాదు. ఒక లోయలో మొదటి నెల కెమెరాల్లో 10 వేర్వేరు చిరుతలు పడ్డాయనుకుందాం. రెండో నెలలో కూడా 10 పడ్డాయి, అందులో 5 పాతవే. అంటే రెండో నెల చిక్కినవాటిలో సగం మనకు ముందే తెలుసు. అలాగైతే లోయ మొత్తంలోనూ సుమారు సగం మనకు తెలిసి ఉండాలి. మొత్తం 20. అసలు పరిశోధనలు ఇంతకన్నా చాలా జటిలమైన సూత్రాలు వాడతాయి గాని, మూలం ఇదే.

ఇప్పుడు చిన్న పొరపాటు చేద్దాం. ఆ 5 పాతవాటిలో ఒకదాన్ని గుర్తుపట్టలేక కొత్తదనుకున్నాం. చలికాలపు బొచ్చు ఒత్తుగా ఉండి, జంతువు వంగి నడుస్తుంటే మచ్చ సాగి మరో ఆకారంలో కనబడుతుంది, పొరబడటం వింతేమీ కాదు. పాతవి 5 నుంచి 4కు తగ్గాయి. సూత్రంలో వేస్తే 20 కాస్తా 25 అయి కూర్చుంటుంది. ఒక్క ఫొటో తప్పుకు లోయలో ఐదు చిరుతలు అదనంగా పుట్టాయి.

ఇది ఊహ మాత్రమే కాదని 2020లో అచ్చయిన ఒక ప్రయోగం చూపించింది. ఏది ఏదో ముందే తెలిసిన 16 జూ మంచు చిరుతల ముందు ట్రాప్ కెమెరాలు పెట్టి, ఆ ఫొటోలను పరిశీలకులకు ఇచ్చి విడదీయమన్నారు. సుమారు 12.5 శాతం సందర్భాల్లో తప్పారు. ఆ తప్పులతో లెక్కేస్తే జనాభా సగటున మూడో వంతు ఎక్కువగా తేలింది. తప్పు ఎటువైపు జరుగుతోందో చూడాలి: ఎక్కువ చూపించే వైపే. అపాయంలో ఉన్న జంతువు విషయంలో అంతకన్నా చెడ్డ తప్పు ఉండదు.

మరో చిక్కు కూడా ఉంది. పరిశోధకులు సహజంగానే చిరుతలు బాగా ఉన్న లోయలకే కెమెరాలు మోసుకెళ్తారు. మంచు చిరుతలు ఉన్నాయనుకునే పన్నెండు దేశాల విస్తీర్ణంలో పద్ధతిగా లెక్క తీసిన చోటు రెండు శాతం కూడా లేదని 2019లో ఒక విశ్లేషణ చెప్పింది. ఆ కాస్తా మంచి లోయలే. మంచి లోయల అంకెను మొత్తం కొండలకు హెచ్చవేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో మంచు చిరుతను ఒక మెట్టు తక్కువ ప్రమాద వర్గంలోకి మార్చినప్పుడు శాస్త్రవేత్తల మధ్య రేగిన గొడవకు కారణం ఇదే.

ఆ నేపథ్యంలో చూస్తే మన దేశం చేసింది పెద్ద పనే. 2019 నుంచి 2023 దాకా భారత వన్యప్రాణి సంస్థ ఆధ్వర్యంలో, ఆరు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1,20,000 చదరపు కిలోమీటర్ల మేర, మంచి లోయా చెడ్డ లోయా అనకుండా, 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు. ఫొటోల్లో చిక్కిన వేర్వేరు చిరుతలు 241. వాటి ఆధారంగా 2024 జనవరిలో ప్రకటించిన అంచనా 718. లద్దాఖ్‌లో 477, ఉత్తరాఖండ్‌లో 124, హిమాచల్‌లో 51, అరుణాచల్‌లో 36, సిక్కింలో 21, జమ్మూ కశ్మీర్‌లో 9. పత్రికలన్నీ 718 అని పతాక శీర్షికలు పెట్టాయి. తర్వాత వచ్చిన శాస్త్రపత్రంలో లద్దాఖ్ 477 పక్కన 380 నుంచి 598 మధ్య అని రాసి ఉంది. అసలు సమాచారం ఆ పక్కనున్న అంకెల్లోనే ఉంది. సాంద్రత చూస్తే నూరు చదరపు కిలోమీటర్లకు ఒకటి నుంచి మూడు దాకా. ఒకప్పటి ఎనిమిదిన్నర ఎక్కడ, ఇది ఎక్కడ!

ఇదంతా శాస్త్రవేత్తల లెక్క. కొండల్లో ఇంకో లెక్క ఉంది, దానికి కెమెరాలు అక్కర్లేదు.

లద్దాఖ్ పల్లెలో గొర్రెల దొడ్డి అంటే రాళ్లు పేర్చిన గోడ, పైన సగం కప్పు, గాలికీ వెలుతురుకూ వదిలిన సందు. రాత్రి మంచు చిరుత ఆ సందులోంచి లోపలికి దూకుతుంది. బయట కొండ మీదైతే ఒక గొర్రెను పట్టగానే మిగతావి పారిపోతాయి, దాని పని అక్కడితో అయిపోతుంది. దొడ్డిలో పారిపోవడానికి దారి లేదు. నాలుగు గోడల మధ్య బెదిరిన గొర్రెలు దాని చుట్టూ గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. కదిలే ప్రతిదాన్నీ పట్టడం దాని స్వభావం. తెల్లారి తలుపు తీసే మనిషికి పది, ఇరవై, ఒక్కోసారి అంతకు మించి కళేబరాలు, మూలన ముడుచుకున్న చిరుత కనబడతాయి. తిన్నది ఒక్కదాన్లో కొంచెం. ఆ ఇంటికి పోయింది ఏడాది సంపాదన. ఆ క్షణంలో ఆ మనిషి చేతికి రాళ్లు దొరికితే ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు.

వన్యప్రాణి అక్రమ వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ సంస్థ 2016లో ఇచ్చిన అంచనా ప్రకారం 2008 నుంచి ఏటా 221 నుంచి 450 మంచు చిరుతలు మనుషుల చేతిలో చచ్చిపోతున్నాయి. వాటిలో సగానికి పైగా పశువులను చంపిన కక్షతో చంపినవే. చర్మం కోసమే వేటాడి చంపినవి సుమారు ఐదో వంతు. కక్షతో చంపినదాని చర్మం కూడా చివరికి ఏదో ఒక సంతకు చేరవచ్చు. పట్టుబడిన ఎముక ముక్కో, మాంసం ముక్కో ఏ జంతువుదో కోర్టులో రుజువు చేయాల్సి వస్తే దారి హైదరాబాదుకు తిరుగుతుంది. సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో లాల్జీ సింగ్, ఎస్.కె.వర్మ రూపొందించిన డీఎన్‌ఏ పద్ధతి ఆకారం పోల్చలేని చిన్న ముక్కతో కూడా జంతువును పట్టిచ్చేస్తుంది.

కానీ కేసుల దాకా రాకముందే ఆపేది దొడ్డి కప్పు. పైన కర్ర దూలాలు వేసి, వాటి మీద ఇనుప వల గట్టిగా బిగించి, సందు లేని తలుపు పెడితే చిరుత లోపలికి రాలేదు. ఇంత తేలిక పరిష్కారం ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందంటే, అడిగినవాళ్లు ఆలస్యంగా వచ్చారు. లద్దాఖ్ వాసి, పర్వతారోహకుడు రించెన్ వాంగ్‌చుక్, జాక్సన్‌తో కలిసి ఊరూరా కూర్చుని నష్టం ఎక్కడ, ఎలా జరుగుతోందో మాట్లాడాక దొడ్ల మరమ్మతు మొదలైంది. అదే ఊపులో రెండు వేల దశకం మొదట్లో హోమ్‌స్టేలు మొదలయ్యాయి. పర్యాటకుడు ఊళ్లోనే, ఇంట్లోనే దిగి ఇంటివాళ్లు వండిందే తింటాడు, డబ్బు ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల చేతికి వస్తుంది. చిరుత కనబడితే మళ్లీ వస్తాడు. గొర్రెను తినే జంతువు గొర్రె కన్నా ఎక్కువ సంపాదించి పెట్టడం మొదలైంది. అయితే హోమ్‌స్టే అన్ని ఊళ్లకూ దక్కదు. విమానాశ్రయం దగ్గరున్న లోయకు దక్కినంత లాభం చాంగ్‌తాంగ్ మైదానాల్లో గుడారాలతో తిరిగే కాపరికి దక్కడం లేదు. పర్యాటకం గురించి గొప్పలు చెప్పేటప్పుడు ఇది దాటేస్తుంటారు.

అలాంటప్పుడు రక్షిత ప్రాంతాలు పెంచితే పోదా అని తోచవచ్చు. మంగోలియాలోని టోస్ట్ కొండల్లో 2008 నుంచి చిరుతలకు జీపీఎస్ కాలర్లు తగిలించి చేసిన పరిశోధన ఆ ఆశను కొంత తగ్గించింది. ఒక మగ చిరుత తిరుగుడు సుమారు 200 చదరపు కిలోమీటర్లు. మంచు చిరుతల దేశాల్లో ఉన్న 170 రక్షిత ప్రాంతాల్లో 40 శాతం ఈ ఒక్క మగ చిరుత హద్దు కన్నా చిన్నవి. అంటే చిరుత బతికేది ఎక్కువగా గొర్రెలు, మేకలు, జడల బర్రెలు మేసే నేల మీదే.

ఆ నేల మీద మేకలు పెరుగుతున్నాయి. చలికాలం రాగానే హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఎగ్జిబిషన్లలో కశ్మీరీ శాలువాల దుకాణాలు వెలుస్తాయి. వాటిలో అసలైన పష్మీనా అన్నది ఉంటే, దాని ఉన్ని చాంగ్‌తాంగ్ వంటి ఎత్తయిన మైదానాల మేకల నుంచే రావాలి. ప్రపంచం అంతటా ఆ ఉన్నికి గిరాకీ పెరిగిన కొద్దీ మంగోలియా, టిబెట్, లద్దాఖ్ మైదానాల్లో మందలు పెరిగి, అడవి మేత జంతువుల కడుపు కొడుతున్నాయని 2013లో ఒక అధ్యయనం వివరంగా చూపించింది. దీనికి తోడు పర్యాటకుల, సైనిక శిబిరాల చెత్త తిని పెరిగిన ఊరకుక్కలు గుంపులుగా కొండలెక్కుతున్నాయి. అవి చిరుతను తరిమి దాని వేటను లాక్కున్న సంఘటనలు నమోదయ్యాయి.

కిబ్బర్ వాళ్లు మేత సంగతిని తమకు తోచిన పద్ధతిలో ఎదుర్కొన్నారు. మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ తరఫున చారుదత్త్ మిశ్రా అక్కడికి వెళ్లి, కొంత మేతభూమిని మందలు తోలకుండా వదిలేయమని, అందుకు ఊరికి డబ్బు కడతామని ప్రతిపాదించాడు. తొంభైల చివర్లో కొద్ది చదరపు కిలోమీటర్లతో మొదలైన ఆ ఒప్పందం తర్వాత పెరిగింది. వదిలేసిన చోట నీలి గొర్రెలు బాగా పెరిగాయి. దాంతోపాటు ఊరివాళ్లే నడుపుకునే పశువుల బీమా వచ్చింది. జంతువు ఒక్కింటికి ఇంత అని ప్రతి ఇల్లూ కడుతుంది, చిరుతో తోడేలో చంపిందని ఊరి కమిటీ తేల్చితే పరిహారం అందుతుంది. సర్కారు కాగితాల కోసం నెలలు తిరగక్కర్లేదు. తోటివాళ్లే తనిఖీ చేస్తారు కాబట్టి దొంగ క్లెయిము చేయడమూ కష్టమే.

అడవి గొర్రెలు పెరిగితే చిరుత ఊరి గొర్రెలను వదిలేస్తుందని చాలామంది నమ్మకం. స్పితిలోనూ మంగోలియాలోనూ పోగుచేసిన వివరాలతో కుల్‌భూషణ్‌సింగ్ సూర్యవంశీ బృందం 2017లో దీన్ని పరీక్షించింది. ఒక ప్రాంతంలో ఎన్ని చిరుతలు ఉంటాయన్నది ప్రధానంగా అడవి వేట మీద ఆధారపడుతుంది. నీలి గొర్రెలు పెరిగితే చిరుతలూ పెరుగుతాయి, చిరుతలు పెరిగితే ఊరి పశువులకు నష్టమూ పెరిగే అవకాశం ఉంది. కిబ్బర్‌లో మేత వదిలేసినందుకు ఫలితం వచ్చిన కొద్దీ బీమా కమిటీ ముందుకు వచ్చే క్లెయిములూ పెరగవచ్చన్నమాట. అందుకే అడవి గొర్రెలను పెంచే ప్రతి పథకంలోనూ దొడ్ల ఖర్చు, బీమా ఖర్చు ముందే కలిపి వేయాలి, కాపరి జేబు మీదికి నెట్టకూడదు.